మా తోడల్లుడి గోడ మీది పటం

నా వయసు యాభై నాలుగు. వృత్తి రబ్బరు స్టాంపులు తయారు చేయడం. బజారులో అందరూ నన్ను స్టాంపులాయన అంటారు. నా షాపు కోర్టు వెనక వీధిలో ఉంది. ఈ స్టేషనులో కాగితాల మీద వేసే గుండ్రటి ముద్ర కూడా నేను చేసిందే. ఎస్సై గారి ఎదుట, ఎవరి బలవంతమూ లేకుండా ఇది చెబుతున్నాను. నా కుడి అరచేతికి కుట్లు పడ్డాయి గనక రైటరు గారు రాసుకుంటున్నారు.

పాత పటాలు సేకరించడం నాకు ఇరవై ఏళ్ళుగా ఉన్న పిచ్చి. పటాలంటే బడిలో వేలాడదీసేవి కావు. విక్టోరియా రాణి కాలంలో లోహపు రేకు మీద చెక్కి, అచ్చు తీసి, ఆ తరువాత ఒక్కొక్క దానికీ చేత్తో రంగులు వేసినవి. దేశం మధ్యలో ఉంటుంది. చుట్టూ అంచుల్లో తీగలు, ఓడలు, వంతెనలు, గౌన్లు వేసుకున్న దొరసానులు ఉంటారు. దారి తెలుసుకోవడానికి అవి పెద్దగా పనికిరావు, చూసుకుని మురిసిపోవడానికే. ఈ పిచ్చి ఉన్నవాళ్ళం మా ఊళ్ళో ఏడెనిమిది మందిమి ఉన్నాం. ఏది అసలుదో ఏది నకలో తేల్చాలంటే అందరూ నా దగ్గరికే వచ్చేవారు. నా పరీక్ష ఒకటే. ఎడమ బొటనవేలు తడిచేసి, అంచున రంగున్న చోట మెల్లగా అద్దుతాను. చేత్తో వేసిన రంగు కాస్తయినా వేలికి అంటుతుంది, అచ్చు రంగు అంటదు. నా మాటకు తిరుగు లేదని అనుకునేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. పటాల విషయంలో అతనికి ఓనమాలు రావు. అలాంటి వాడి ముందు గదిలో, సోఫాకు ఎదురుగా, నిరుడు వానలు మొదలయ్యాక ఒక పటం వెలిసింది. ద్వీపాల పటం. కింద ఒక పక్క తిమింగలం నీళ్ళు చిమ్ముతుంటుంది, ఒడ్డున ఒక దొరసాని తడవకుండా గొడుగు అడ్డం పెట్టుకుంటుంది. సముద్రానికి వేసిన నీలం ఇప్పుడే ఆరిందా అన్నట్లుంది. అలాంటిది నా దగ్గర లేదు. ఇరవై ఏళ్ళు వెతికినా నాకు దొరకలేదు. చూడగానే నా కడుపు మండింది. ఆ మాట దాచను.

"ఎక్కడ దొరికింది?" అని అడిగాను.

"మీకు తెలియకపోవడమేంటి అన్నయ్యా!" అని నవ్వాడు.

వెక్కిరిస్తున్నాడని అనుకున్నాను. "ఫ్రేము కట్టినవాడెవడో పని రానివాడు. లోపలి అట్ట కుడి వైపు పై మూల రెండంగుళాలు ఎక్కువ కప్పేసింది" అన్నాను. అతను నా భార్య వైపు చూశాడు. ఆమె కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

అప్పటినుంచి నా భార్య ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. సోఫాలో ఆ చివర కూర్చుని పటం చూస్తుంది. చెల్లెలితో కబుర్లు చెబుతూ కూడా పటమే చూస్తుంది. ఆ దొరసాని పేరేమిటో, ఎవరి మీద అలిగి సముద్రం దగ్గరికి వచ్చిందో కథలు అల్లి చెబుతుంటే మా తోడల్లుడు బుద్ధిమంతుడిలా వింటాడు. మా ఇంట్లో నా పటాల గది ఉంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమె అందులో పట్టుమని పది నిమిషాలు నిలబడలేదు. చేతులు కడుక్కోకుండా లోపలికి రావద్దని నేను అనేవాణ్ణి, అది నిజమే. అయినా ఇంట్లో గది నిండా పెట్టుకుని ఊరవతలి గోడ చూడ్డానికి బస్సెక్కి వెళ్ళడం ఏమిటని ఒళ్ళు మండేది.

"ఏముంది దాంట్లో అంతగా?" అని ఒకసారి అడిగాను.

"మీకెందుకు లెండి" అంది.

పోయిన నెల మా సేకరణ మిత్రులందరినీ మా తోడల్లుడు టీకి పిలిచాడు. మాలో పెద్దాయన ఒకరు భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, "మనందరి పటాలూ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు" అన్నారు. అది నా మొహం మీదే అన్నారు. నేను ఊరుకోలేక, రంగులు ఈ మధ్య ఎవరో పూసినవన్నాను. అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు నా భార్య, నా సొంత భార్య, అందరి ముందూ "ఒకసారి సరిగ్గా చూడండి" అంది. గట్టిగా కూడా అనలేదు.

నిన్న ఆదివారం నా భార్య, ఆమె చెల్లెలు, మా తోడల్లుడు ముగ్గురూ మ్యాట్నీకి వెళ్ళారు. తలనొప్పిగా ఉందని నేను వెళ్ళలేదు. రెండున్నరకు మా తోడల్లుడి ఇంటికి వెళ్ళాను. తాళంచెవి చెప్పుల స్టాండులో పాత బూటులో పెడతారని మా ఇళ్ళలో అందరికీ తెలుసు. తలుపు తీసి, పటం దించి, వెంట తెచ్చుకున్న దుప్పటిలో చుట్టి ఆటోలో మా ఇంటికి తెచ్చాను. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ చూసింది, నేను పలకరించాను కూడా. దొంగిలించి అమ్ముకోవాలని కాదు. విప్పి చూసి, దాంట్లో తప్పు పట్టుకుని, నా మాటే నిజమని నిరూపించాలని. తరువాత తిరిగి ఇచ్చేవాణ్ణా అని ఎస్సై గారు అడిగారు. ఇచ్చేవాణ్ణి కాదనుకుంటాను.

నా గదిలో బల్ల మీద బోర్లా పెట్టి మేకులు పీకాను. తొందరలో అద్దం పగిలి కుడి అరచెయ్యి తెగింది. రక్తం పటం మీద పడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకుని, చొక్కా చుట్టుకుని, ఎడమ చేత్తోనే అట్ట ఎత్తాను. అట్ట ఎక్కువ కప్పేసిందని నేను వంక పెట్టిన మూల బయటపడింది. అంచు తీగ మీద ఊదా రంగు వేలిముద్ర ఉంది. స్టాంపు ఇంకు. ముద్ర మధ్యలో అడ్డంగా ఒక గీత ఉంది. నా ఎడమ బొటనవేలికి అడ్డంగా పాత గాటు ఉంది, రబ్బరు కోస్తుంటే బ్లేడు దిగింది. వేలు పక్కన పెట్టి చూశాను. చూడనక్కర్లేదు, అయినా చూశాను.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు వేసవిలో ఒక సాయంత్రం నా భార్య షాపుకు వచ్చింది. ఎవరో లాయరు ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్మితే కొన్నానని, పాత పేపరులో చుట్టిన పటం తెచ్చింది. "మీకోసమే తెచ్చా, చూడండి" అంది. బ్యాంకు వాళ్ళ ఆర్డరు మీద ఉన్నాను. ఆమె ఒక మూల మాత్రం విప్పింది. ఇంకు నిండిన వేలినే తడిచేసి అద్దాను. ఇంకు వేలికి ఏ రంగు అంటిందో ఎలా తెలుస్తుంది? భూతద్దం చేతికి అందేంత దూరంలోనే ఉంది, తీయలేదు. ఇంకెవరు తెచ్చినా తీసేవాణ్ణి. పెళ్ళాం తెచ్చింది గనక తీయలేదు. "క్యాలెండరు బొమ్మ. దీనికి డబ్బులు తగలేశావా?" అన్నాను. ఆమె మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయింది. తరువాత అదేం చేశావని నేను అడగలేదు.

ఆరింటికి ఎస్సై గారు మా ఇంటికి వచ్చారు. గోడ బోసిగా కనబడగానే మా తోడల్లుడు స్టేషనుకు ఫోన్ చేశాడు. తీసుకెళ్ళింది నేనని ఎదురింటావిడ చెప్పింది. వాళ్ళతోపాటు నా భార్య కూడా వచ్చింది. బల్ల మీద పటాన్నీ, ఆ మూలనూ చూసింది. నా చేతికి చుట్టిన చొక్కా వైపు కూడా చూసింది.

"ఇప్పుడు సరిగ్గా చూశారా?" అంది.

"చూశాను."

"అసలుదేనా?"

"అసలుదే."

"సరే అయితే" అని, చెల్లెలు తెచ్చిన ఆటోలో వెళ్ళిపోయింది. బట్టలు తరువాత పంపమంది.

మా తోడల్లుడు స్టేషనులో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. "అన్నయ్య చూడ్డానికి అడిగాడు సార్, నేనే ఇచ్చానని రాసుకోండి" అన్నాడు. దానికి నేను ఒప్పుకోవడం లేదు. ఇవ్వడానికి ఆ పటం అతనిది కాదు, నా భార్యది. "వదిన ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదంటే మా గోడ చూపించాను, అంతే" అని అతనే ఎస్సై గారితో చెప్పాడు. మా ఇంట్లోనూ గోడలున్నాయి. ఒక్క దాని మీదా మేకు కొట్టమని ఆమె నన్ను అడగలేదు. అతని గోడంటే నాకు ఇప్పటికీ కడుపుమంటే.

పటాన్ని నా భార్యకే అప్పగించమని కోరుతున్నాను. ఫిర్యాదు ఉంచాలో తీసేయాలో ఆమే చెప్పాలి. ఆమె ఇంకా ఏమీ చెప్పలేదని ఎస్సై గారు అన్నారు.

రైటరు గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్లే ఉంది, కలిపిందీ తీసేసిందీ లేదు, అంతా జరిగిందే. కుడి చెయ్యి పనిచేయనందున సంతకానికి బదులు ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను. పటం మూల మీది ముద్రతో పోల్చి చూసుకోవచ్చు.

(ఎడమ బొటనవేలి ముద్ర)