చెరిపి రాసుకునే చిప్పును కోరిన సారంగపాణిగారు

1956వ సంవత్సరం జులై రెండవ తేదీన పాకాల బండి దిగి, నుదుట తిరుమణి నామం ఆరకముందే మన తిరుపతి వేదాద్రి పాలిటెక్నిక్‌లో రేడియో విభాగపు బోధకులుగా ప్రవేశించిన శ్రీమాన్ సారంగపాణిగారు ఈ 1988 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వాల్వు రేడియోల కాలంలో చేరి, ట్రాన్సిస్టర్లను ఆహ్వానించి, ప్రతి కొత్త విద్యకూ శిష్యులకంటే ముందు తామే శిష్యులైన పండితులు వారు. కోపం మాత్రం ముక్కుమీదే! సోల్డరింగు పాడుచేసిన వాడిని దుమ్ము దులిపి, సాయంత్రం వాడికే ఇంటినుంచి తెచ్చిన పులిహోర పెట్టేవారు.

1974లో సీనియర్ అధ్యాపకులై, ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలను సొంత ఇల్లు కట్టుకున్నంత శ్రద్ధగా తీర్చిదిద్దారు.

గత ఏడాది చిత్తూరులోని ఒక ప్రసూతి ఆసుపత్రివారు, బాలింత మీట నొక్కగానే నర్సు బల్లమీద ఆ మంచం తాలూకు దీపం వెలిగే పరికరం చేసిపెట్టమని కోరారు. పని చిన్నదే, చిప్పు ఎంపిక దగ్గరే చర్చ పెద్దదైంది. ఏ మీటకు ఏ దీపం వెలగాలో లోపల రాయించుకునే చిప్పులు రెండు రకాలు దొరికాయి. ఒకదానిలో ఒకసారి రాస్తే అదే శాశ్వతం. ఖరీదైన రెండోదానికి నెత్తిమీద చిన్న గాజు కిటికీ ఉంటుంది. దానిగుండా అతినీలలోహిత దీపకాంతి పడితే పాత రాత చెరిగిపోతుంది, మళ్లీ రాసుకోవచ్చు.

"ఇంత సిన్న పనికి అంత ఖరీదుది దేనికి సార్?" అన్నారు విభాగాధిపతి దామోదరంగారు.

"తప్పు చేయనోడు మన డిపార్టుమెంటులో యాడుండాడప్పా? చెరిపి రాసుకునేదే తెద్దాం," అని సారంగపాణిగారు పట్టుబట్టి నెగ్గారు.

పరికరం సిద్ధమై, ఆయుధపూజ నాడు పూజలందుకుని ఆసుపత్రికి వెళ్లింది. మీటమీద వేలు తీస్తే దీపం ఆరిపోతోందని, తాను మంచం దగ్గరికి వచ్చేదాకా వెలగాలని అక్కడి సిస్టరు కోరింది. చిప్పు మళ్లీ ప్రయోగశాలకు వచ్చింది. తాత్కాలిక సహాయకురాలు మునిలక్ష్మి దానిని చెరిపే దీపం కింద పెట్టింది. ఎంతసేపు పెట్టినా చెరగలేదు. ఆమె ఎక్కువ వోల్టేజి ఇచ్చి కాల్చేసిందని దామోదరంగారు తేల్చేశారు. ఆ వారమే కావలసిన ఆమె ఉద్యోగ పొడిగింపును ప్రిన్సిపాలుగారు ఆపేశారు. ఇల్లంతా ఆ జీతం మీదే గడుస్తున్న మనిషి, పాపం, బల్ల వెనక కూర్చుని కుమిలిపోయింది.

సారంగపాణిగారు చిప్పు అందుకుని చూశారు. గాజు కిటికీ నిండా దట్టంగా ఆరిన గంధం, దానిమీద కుంకుమ! ఆయుధపూజ నాడు స్వహస్తాలతో తామే పెట్టిన బొట్టు.

"ఇంత మందాన బొట్టుంటే తుడవలేదేమ్మా?"

"ఈడ అన్ని మిషన్లకీ బొట్టుండాది గదా సార్, దీనికీ ఉండాదిలే అనుకున్నాను. పైగా శుక్రవారం. తుడిచేదానికి చెయ్యి రాలేదు."

గుట్టుగా తుడిచేసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఏడాది తిరగకముందే విశ్రాంతి తీసుకోబోయే పెద్దమనిషికి నగుబాటు తప్పేది. కానీ ఆమె మీద నింద మిగిలిపోయేది. వారు నేరుగా సమావేశం జరుగుతున్న ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లారు.

"చిప్పు కాలలేదు సార్. తప్పు నాదే. నేను పెట్టిన బొట్టే వెలుతురికి అడ్డం పడింది. ఆ బిడ్డ మీద పడిన మాట ముందు తీసేయండి."

గదంతా గొల్లున నవ్వింది. సారంగపాణిగారి చెవులు ఎర్రబడ్డాయి. అయినా పొడిగింపు కాగితం మీద సంతకం పడేదాకా అక్కడినుంచి కదలలేదు. ఆ తర్వాతే "స్వామీ, మన్నించు" అంటూ స్పిరిట్ దూదితో కిటికీ తుడిచారు. చిప్పు చక్కగా చెరిగి, కొత్త రాత రాయించుకుంది. దామోదరంగారు మునిలక్ష్మి దగ్గరికి వచ్చి, "తొందరపడినాను తల్లీ, మనసులో పెట్టుకోవద్దు," అన్నారు. ఇప్పుడు ఆ వార్డులో సిస్టరు వచ్చేవరకూ దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఈ సంగతి చెబుదామని మేము వారింటికి వెళ్తే, సతీమణి పెరుందేవమ్మగారు చేతిలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయారు.

"అందరి ముందరా 'తప్పు నాదే' అన్నారా! నా ముందర ఒక్కనాడైనా అన్న పాపాన పోలేదే ఈ మనిషి!"

అమ్మా, ఇకపై సారంగపాణిగారు పూర్తిగా మీ ఇంటివారు. ఆ మాట మీ చెవిన కూడా పడేటందుకు వారికి నిండు ఆరోగ్యాన్నీ నూరేళ్ల ఆయువునూ ఆ శ్రీనివాసుడు ప్రసాదించుగాక. వారి పట్టుదల ఎరిగిన సహోద్యోగులం గనుక, నూరేళ్లకు ఒక్కరోజు తగ్గినా చాలదని స్వామికి మా విన్నపం.