పదహారు ఊటలూ, మూడో ప్రయత్నమూ

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ఊరి పెద్ద మమొరొయెసి అమ్మగారికి, యూనివర్సిటీ నుంచి ఇంత కొండెక్కి వచ్చిన ఆచార్య తెఫో గారికి, వెనక వరసలోనే కూర్చుంటామని మొండికేసిన కాపరి పెద్దలకు, మిత్రులకు ఈ లికొపో నమస్కారాలు.

పందొమ్మిదేళ్లు ఈ ఉన్ని షెడ్డులో మీ గొర్రెలకు సూదులు వేసిన నన్ను చదువుకు సాగనంపుతూ ఇన్ని మంచి మాటలు చెబుతున్నారు కాని, సూది వేసిన రోజు మీరు నన్నేమని తిట్టుకున్నారో నాకు గుర్తే. (నవ్వులు)

ఒక నిజం చెప్పాలి. పైన ఊటలు ఎండిపోతున్నాయి, తప్పు మీ గొర్రెలదే, కాబట్టి మేత బీళ్లు మూసేస్తామని ప్రభుత్వం వాళ్లు నోటీసు అంటించినప్పుడు, అసలు సంగతి తేల్చాలనే నేను డాక్టరేట్‌కు దరఖాస్తు పెట్టాను. మన లెసోతో కొండలను యూరప్ మంచుకొండలతో పోలుస్తానని గొప్పగా ప్రణాళిక రాశాను. రెండుసార్లు తిరిగొచ్చింది. మన కాపరుల్లో పెద్దవాడు ఖోబానె తాతకు చదివి వినిపిస్తే అడిగాడు:

"అమ్మాయ్, అక్కడి కాపరుల్ని కూడా బీడు ఖాళీ చెయ్యమంటున్నారా?"

"లేదు తాతా."

"మరి దేంతో దేన్ని పోలుస్తావే? ఇంతకీ ఇందులో మేమెక్కడున్నాం?"

ఎక్కడా లేరు. ఇన్నేళ్లు మీ ఇళ్లలో మొక్కజొన్న ముద్ద తిన్నదాన్ని, మీలో ఒక్కరి పేరూ రాయలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ మొదలుపెట్టాను. ఇథియోపియాలోని బాలె కొండల్లోనూ కాపరులకు ఇదే గొడవ. బీడు ఎప్పుడు మూయాలో కాపరులే నిర్ణయించుకున్న చోట ఊటలు నిలిచాయా, పైనుంచి ఉత్తర్వు వచ్చిన చోట నిలిచాయా? రెండు కొండల్లోనూ ఇదొక్కటే వెతుకుతానన్నాను.

మూడోసారి యూనివర్సిటీకి పిలిచారు. పరీక్షకుల్లో ఒకాయన, "కాపరుల జ్ఞాపకాలను నమ్మేదెలా?" అన్నారు. నాకు తోడుగా వచ్చి వెనక కూర్చున్న తాత దుప్పటి సర్దుకుని లేచాడు. "అయ్యా, మావి పదహారు ఊటలు. ఏది ఏ ఏడు ఎండిందో, ఏది పారుతోందో చెబుతా, రాసుకోండి. తప్పయితే ఈ పిల్లని ఇంటికి పంపెయ్యండి."

ఆచార్య తెఫో గారు అన్ని ఏళ్ల పాత సర్వే పటాలూ తెప్పించారు. పదిహేను సరిపోయాయి. పదహారోది పటంలోనే లేదు! పరీక్షకులే కొండెక్కి చూస్తే, నిక్షేపంగా పారుతోంది. (చప్పట్లు)

ప్రణాళిక ఆమోదించారు. పోయిన వారం, పరిశోధన పూర్తయ్యేదాకా బీళ్లు మూయబోమని కాగితం కూడా వచ్చింది. గెలిచాం! (ఈలలు, చప్పట్లు)

ఎల్లుండి బాలెకు ప్రయాణం. ఒక్కదాన్నే కాదు, తాతకూ పాస్‌పోర్టు వచ్చింది. "నువ్వడిగితే మర్యాదకి చెబుతారే, నేనడిగితే నిజం చెబుతారు" అంటున్నాడు. తాతా, ఆ వెనక వరస చాలు, లేచి నా పక్కకు రా.

అందరికీ కృతజ్ఞతలు. మా ఇద్దరికీ సెలవిప్పించండి.