మాలకొండమ్మ ఇంట్లో ఫోను మోగిన కత

మాలకొండమ్మని మీరు చూసుండరు. చూడాల్సిన మనిషి. గుంతపల్లెలో ఉపాధి పనికి ముఠా మేస్త్రి ఆమె, పన్నెండు మంది ఆడోళ్లు ఆమె ఎనకాల. ఆమె గొంతెత్తిందంటే ఆ కొసన పడుకున్నోడు లేచి ఈ కొసకొచ్చి పార పట్టుకోవాల్సిందే. మనసు మటుకు వెన్న, కానీ ఆ సంగతి బయటపడనియ్యదు. గుంతపల్లె పేరుకి తగ్గట్టే గుంతలో ఉంటది, చుట్టూరా గుట్టలు, ఒక్క ఈశాన్యం పక్కన మాత్రం రెండు గుట్టల నడిమిన చిన్న సందు. ఆ ఊళ్లో ఫోనంటే టయిము చూసుకోడానికి, లైటేసుకోడానికి, అంతే అనుకో. మాట్టాడాలంటే కోతుల గుట్ట ఎక్కాల. గుట్ట మీద ఒక బండ ఉంది, దాని మీద నిలబడితే రెండు గీతలొస్తాయి, కూచుంటే అందులో ఒకటి పోద్ది. పెళ్లి మాటలూ ఆ బండ మీదే, చావు కబుర్లూ ఆ బండ మీదే. నవ్వుతారేందే? మీ ఊళ్లో టవరుంది గనక నవ్వుతున్నారు.

ఇంక ఏమైందంటే, ఆమెకి ఒక్కతే కూతురు, తిరుమలని. మార్కాపురంలో ఇచ్చారు. ఆ పిల్ల నీళ్లోసుకుంది. తొలికాన్పు పుట్టింట్లోనే గదా, ఎంత లేనోళ్లయినా గంజినీళ్లు తాగైనా ఆ కాన్పు చేసి పంపిస్తారు. ఏడో నెల్లో సారె తీసుకుని పోయింది మాలకొండమ్మ. గాజులు తొడిగింది, ఒళ్లో చలిమిడి పెట్టింది, తొమ్మిదో నెల పడంగానే పిల్లని తీసకపోతా వదినా అనింది. వియ్యపురాలు రంగలక్ష్మమ్మ చెడ్డదేం కాదబ్బా, భయస్తురాలు. ఆమె ఏమనిందంటే, "నీ మీద నాకేం కోపం లేదు వదినా. కానీ మీ ఊరికి ఫోను చేస్తే ఒక్కనాడన్నా కలిసిందా? పిల్లకి నొప్పులొస్తే నూటెనిమిదికి ఎట్టా చేస్తావు? గుట్టెక్కుతావా, పిల్లని పట్టుకుంటావా? తొమ్మిదో నెల పడేలోపల మీ ఇంట్లో ఫోను మోగాల. నేను చేస్తా, మీరు ఎత్తాల. మోగితే నేనే బండెక్కించి పంపిస్తా, లేదంటే కాన్పు ఈడే" అని కుండ బద్దలుకొట్టినట్టు చెప్పేసిందంట. మాలకొండమ్మ సరేననింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది చెప్పండి? పిల్లేమో తలుపు సాటున నిలబడి తల్లి మొహమే చూస్తా ఉందంట.

సరే, వచ్చేటప్పుడు బజార్లో ఒక ఫోన్ల షాపోడు చెప్పాడంట, సిగ్నల్ పెంచే పెట్టె ఉందమ్మా, మిద్దె మీద ఒక తెల్ల గొట్టం, ఇంట్లో ఒక పెట్టె, రెంటికీ నడిమిన వైరు, ఇంక మీ వంటింట్లో కూచుని ఢిల్లీకైనా మాట్టాడొచ్చు అని. ఢిల్లీతో నాకేం పని నాయనా, మార్కాపురం కలిస్తే చాలు అనిందంట. ఉన్న పొట్టేళ్లు రెండూ అమ్మేసి పెట్టె కొనింది. బిగించడానికి ఒకడొచ్చాడు. ఆమె పనిలో ఉంది, ఇంటికాడ మొగుడు గాలెయ్య ఉన్నాడు. గాలెయ్య సంగతి మీకు చెప్పాల. చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టుకున్నా తాడు పట్టుకుని వాస్తు చూసేది ఆయనే. ఈశాన్యం మూల బరువుండకూడదు, బరువంతా నైరుతిలో ఉండాల అంటాడు. ఆయన ఇంట్లో ఈశాన్యం మూల చీపురు కూడా ఆనించనియ్యడనుకో. ఆ వచ్చినోడు, పెద్దాయనా గొట్టం బిగించే ఈ ఇనప గడ ఎక్కడ పాతమంటావు అన్నాడు. ఇంకెక్కడ, నైరుతిలో పాతు అన్నాడు ఈయన. వాడు టవరెటుందో చూళ్లేదు, అడగలేదు. పాతాడు, ఒక ఫోటో తీసుకున్నాడు, సంతకం పెట్టించుకున్నాడు, టీ తాగాడు, పోయాడు. సాయంత్రం మాలకొండమ్మ వచ్చి చూస్తే పెట్టెలో ఎర్రలైటు వెలగతా ఉంది. ఫోన్లో ఒక్క గీతా లేదు. కొత్తగదా, రేపటికి సర్దుకుంటదిలే అనుకుందంట పాపం. రేపూ ఎర్రదే, ఎల్లుండీ ఎర్రదే.

ఇంక ఆమె పాట్లు చూడండి. గుట్టెక్కి ఆ పెట్టె కంపెనీకి ఫోను చేస్తది. ముందు మిషను మాట్టాడిద్ది, తెలుగుకి ఒకటి నొక్కు, దేనికో రెండు నొక్కు అంటది, తర్వాత సన్నాయి, అది అయిపోయినాక మీ కాలు మాకు చాలా ముఖ్యం అంటది, మళ్లీ సన్నాయి. అంత సన్నాయి ఆమె పెళ్లిలో కూడా ఊదలేదంట. ఆఖరికి ఒకడు పలికి, మేడం, పెట్టె పక్కన నిలబడి లైటు ఏ రంగులో ఉందో చూసి చెప్పండి అన్నాడు. పెట్టె కింద ఇంట్లో ఉంది, నేను గుట్ట మీదున్నా నాయనా అని ఈమె. అయితే పెట్టె దగ్గరకెళ్లి మాకు ఫోన్ చేయండి మేడం అని వాడు. "పెట్టె దగ్గర ఫోను పలికితే నీకెందుకు చేస్తానయ్యా, నా కూతురికి చేసుకుంటా గానీ!" అనిందంట. వాడు, సారీ మేడం, కంప్లైంటు రాసుకున్నా, మనిషొస్తాడు అన్నాడు. మనిషి రాలా. మూడు రోజులు చూసి మళ్లీ గుట్టెక్కితే, మీకు ఫోన్ చేశాం, కలవలేదు, అందుకని కంప్లైంటు మూసేశాం అన్నారు. వింటున్నారా? కలవడంలేదనే గదా ఆమె మొత్తుకునేది! ఇట్టా నాలుగుసార్లు తెరవడం, నాలుగుసార్లు మూయడం. నాలుగోసారి ఆమె బండెక్కంగానే ఫోను టింగుమనింది, ఏందా అని చూస్తే, మీ సమస్య పరిష్కరించబడింది, మీరు సంతోషంగా ఉంటే ఒకటి నొక్కండి అని ఉంది. ఆ ఫోనుని బండకేసి కొడదామని చెయ్యెత్తి, మళ్లీ దించుకుందంట. అప్పటికి తొమ్మిదో నెల పడడానికి ఆరు రోజులుంది. ఆ బండ మీద కూలబడి ఏడ్చింది. మాలకొండమ్మ ఏడవడం ఆ ఊళ్లో ఎవరూ చూసిన పాపాన పోలేదు. మేకలు తోలుకొచ్చిన కాశింబీ చూసింది. చూసి, ఏందక్కా, ఏమైందక్కా అంటే, చెప్పుకుంది అంతా.

కాశింబీ ఆ ముఠాలో మనిషే. చెరువు పనిలో వాళ్లు మట్టి ఎట్టా మోస్తారంటే, ఎవరికి వాళ్లు తట్ట నెత్తినెట్టుకుని కట్ట దాకా నడవరు. వరసగా నిలబడతారు, ఆమె చేతిలోంచి ఈమె చేతిలోకి, ఈమె చేతిలోంచి ఇంకో ఆమె చేతిలోకి, నిలబడ్డచోటే నిలబడి కట్ట మీదకి మట్టి పంపిస్తారు. అది మాలకొండమ్మ పెట్టిన పద్ధతే. తెల్లారి పనికాడ మధ్యాన్నం సద్దులు తిని చెయ్యి కడుక్కుంటా మాలకొండమ్మ ఉన్నట్టుండి నిలబడిందంట. "లేయండే. తట్టలు అందుకున్నట్టు ఈరోజు మాటలు అందుకోవాల. నేను బండ మీద, మీరు గుట్ట మీంచి మా ఇంటి దాకా. విన్నది విన్నట్టు దాటించాల. సొంత కవిత్వం కలిపారంటే చంపుతా" అనింది. పన్నెండు మందీ కొంగులు బిగించి లేచారు. ఒక్కరన్నా నాకెందుకులే అనలేదబ్బా. కేక దూరానికో మనిషన్నట్టు గుట్ట పొడుగునా నిలబడ్డారు. కింద వాకిట్లో ఎస్తేరు, ఇంట్లో పెట్టెకాడ మాలకొండమ్మ అత్త ఓబులమ్మ. ముసలామెకి కాళ్లు ఆడవు గానీ కళ్లు గద్ద కళ్లే.

ఈసారి ఫోనెత్తింది ఒక ఆడపిల్ల. నమస్తే, నా పేరు ప్రసన్న, పెట్టెలో లైటు ఏ రంగులో ఉందో చెప్తారా మేడం అనింది. "ఉండు తల్లే" అని మాలకొండమ్మ కిందకి కేకేసింది, "లైటేం రంగే?" అని. కాశింబీ అందుకుంది, ఆదెమ్మ అందుకుంది, నాగేంద్రం అందుకుంది, రంగే రంగే అనుకుంటా గుట్ట దిగి పోయింది మాట. ఓబులమ్మ చూసి ఎర్రదనింది. ఎర్రదే, ఎర్రదే అంటా పైకొచ్చింది. నాగేంద్రం ఊరుకుంటదా, "ఎర్రగా మండతా ఉందంట, తాగొచ్చిన నా మొగుడి కళ్లలాగా!" అని కలిపింది. ఆ పిల్ల ఫోన్లో విని, మేడం, ఎంతమంది ఉన్నారక్కడ అని అడిగింది. పన్నెండు మంది, ఒక ముసలామె అని చెప్పింది ఈమె. ఎందుకమ్మా ఇంత కష్టపడతన్నారు అనింది ఆ పిల్ల. మాలకొండమ్మ చెప్పింది, కూతురి సంగతి, తొలికాన్పు సంగతి, ఇంక ఐదు రోజులే ఉన్న సంగతి. ఆ పిల్ల "పెద్దమ్మా, నేను పెట్టెయ్యను, లైన్లోనే ఉంటా. మిద్దె మీద గొట్టం ఏ మూల ఉంది, మొహం ఎటుంది, టవరెటుంది?" అనింది. మాట దిగింది, మాట ఎక్కింది. గొట్టం నైరుతిలో, మొహం కోతుల గుట్టకి. మాలకొండమ్మ బండ మీంచి తలెత్తి చూస్తే, ఈశాన్యం పక్క ఆ సందులోంచి దూరంగా టవరు. "గుట్టకి మొహం పెట్టి నిలబెడితే దానికేం వినపడిద్ది పెద్దమ్మా? ఈశాన్యం మూలకి తెచ్చి ఆ సందుకేసి తిప్పమనండి" అనింది ఆ పిల్ల. ఇన్నాళ్లూ ఆ కంపెనీలో ఒక్కడు అడగలేదు చూడండి ఈ మాట!

గడ ఈశాన్యానికి మార్చమను అని పోయింది మాట. కుదరదంట అని వచ్చింది. ఎందుకు కుదరదంట? ఈశాన్యంలో ఇనప గడ పాతితే ఇంటికి అరిష్టమంట. ఇంక చూస్కో, మొగుడూపెళ్లాల తగువు పన్నెండు మంది నోళ్లలోంచి గుట్టెక్కతా దిగతా ఉంది. ఊరంతా వాకిళ్లలోకొచ్చి నిలబడింది. నలుగురికి వాస్తు చెప్పేవాణ్ణి, నా ఇంట్లో నేనే తప్పితే రేపు నా మాట ఎవరింటారు అంటాడంట గాలెయ్య. ఆయన బాధా బాధే, కాదన్ను. మాలకొండమ్మ అప్పుడు అరవలేదంట. మామూలు గొంతుతోనే, కాశింబీకి వినపడేంత గట్టిగా, "ఆడపిల్ల తొలికాన్పుకి పుట్టింటికి రాకపోతే, అంతకంటే అరిష్టం ఇంకేముందో చెప్పమను" అనింది.

కాశింబీ ఆ మాట అందుకుంది. ఆమె తల్లి కలరాలో పోయింది, ఆమెకి పుట్టిల్లే లేదు. అయినా పొల్లు పోకుండా చెప్పింది. ఆదెమ్మ చెప్పింది. నాగేంద్రం ఏమీ కలపలా, ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది, చెప్పి కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక్కొక్కరి కాన్పు ఒక్కొక్కరికి గుర్తొచ్చింది కావాల. ఎస్తేరు వాకిట్లోంచి చెప్పింది. ఇంట్లోంచి ఓబులమ్మ కూడా చెప్పాలి గదా కొడుక్కి? ఆమె ఆ మాట చెప్పలేదంట. "ఒరే గాలెయ్యా, ఇటు రా. నన్ను మా అమ్మ పిలుచుకోలేదురా, దానికి స్తోమతు లేక. నిన్ను మిట్ట చేలో కన్నా. కొడవలితో బొడ్డు కోసుకున్నా. ఆ చేనికి ఏ మూల ఈశాన్యమో ఎవురు చూశార్రా? పో, పోయి గడ పీకు" అనింది.

గాలెయ్య మిద్దెక్కాడు. గడ పీకాడు, ఈశాన్యం మూలకి మోసుకొచ్చాడు, పాతాడు. పాతి ఊరుకోలా, దానికి పసుపు రాసి బొట్టుపెట్టి నిమ్మకాయ కట్టాడంట, ఆయన మనసు ఆయనది. గొట్టాన్ని సందుకేసి తిప్పతా తిప్పతా ఉంటే ఓబులమ్మ ఒక్క కేక పెట్టింది, "పచ్చది!" అని. పచ్చదే, పచ్చదే, పచ్చదే! ఆ మాట గుట్టెక్కడం కాదమ్మా, ఎగిరింది. పెద్దమ్మా, మీ ఇంటి నంబరు చెప్పండి, నేను చేసి చూస్తా అనింది ప్రసన్న. ఇంట్లో గాలెయ్య ఫోను మోగింది. ఓబులమ్మ ఎత్తి, "ఎవురమ్మా నువ్వు, చల్లగుండు" అని పెట్టేసింది.

మాలకొండమ్మ బండ మీంచే వియ్యపురాలికి చేసి, వదినా, ఇప్పుడు ఇంటి నంబరుకి చెయ్యి అని ఒక్కమాట చెప్పి, ఇంక చూస్కో, ఆ గుట్ట ఎట్టా దిగిందో ఆమెకే తెలీదు. చెప్పు ఒకటి ముళ్లలో ఉండిపోయింది. గడప కాడికొచ్చేసరికి ఫోను మోగతా ఉంది. ఎవరూ ఎత్తలేదంట, ఆమె కోసం అందరూ చుట్టూ నిలబడి చూస్తా ఉన్నారు. రొప్పుకుంటా ఎత్తింది. అవతల రంగలక్ష్మమ్మ కాదు, పిల్ల. "అమ్మా, ఏడున్నావమ్మా?" అనింది. "ఇంట్లోనే ఉండానమ్మా" అని అక్కడే నేల మీద కూచుండిపోయింది మాలకొండమ్మ.

ఆ పిల్లొచ్చింది, ఆడపిల్లని కనింది, తల్లీపిల్లా చల్లగా ఉన్నారు. కానీ ఆ రంగలక్ష్మమ్మ ఉంది చూశారూ, దినానికి పదిసార్లు ఫోను చేస్తదంట. పాలు తాగిందా, తుమ్మిందా, ఎటు తిరిగి పడుకుంది, సాంబ్రాణి పొగేశారా అని. ఒకనాడు గాలెయ్య ఇసుక్కుని, ఆ పెట్టె వైరు పీకేస్తానే, చెవులు పోతన్నాయి అన్నాడంట. మనవరాలికి నూనె రాస్తన్న మాలకొండమ్మ తల కూడా ఎత్తలేదు, "మోగనీ" అనిందంట. అదీ ఆమె. నేనైతే రెండోరోజే పీకేసేదాన్ని.