చాలినన్ని గొర్రెలు

గిద్దలూరులో రంగనాయకులు మామ టీ దుకాణం బెంచీ మీద కూర్చుంటే చాలు, శివనాగరాజు నోటికి మూత ఉండదు. గొర్రెలు కాసే చిన్నమల్లయ్య కొడుకు. ఎమ్మెస్సీ చదివినాడు. పీహెచ్‌డీ స్కాలర్‌షిప్పు కోసం మూడేళ్ళుగా తిరుగుతున్నాడు, ఈ ఏడు దాటితే వయసు కూడా దాటిపోతుంది. ఆ పొద్దు రిజల్టు వచ్చిందని మా అందరికీ తెలుసు. ఏమైందని అడగలేక మేం ఊరుకుంటే, ఆటో తోలే శ్యాంసన్ ఆగలేక అడిగేసినాడు. చిన్నమల్లయ్య కూడా అక్కడే ఉన్నాడు, భుజం మీద గొంగడి, చేతిలో గ్లాసు, గోడకు ఆనుకుని. కొడుకు గొంతు సవరించుకోగానే ఆయన తల దించుకున్నాడు.

"ఏమైతది శ్యాంసనన్నా, కావాల్సిందే అయింది. నేనేం పెద్ద పని చేయలా. ఒక ప్రపోజల్ రాసినా, అంతే. ప్రపోజల్ అంటే ఏందనుకున్నావు, నాకు నెలనెలా జీతమిచ్చి చదివిస్తే నేను ఫలానా సంగతి కనుక్కుంటా అని ముందుగా రాసిచ్చేది. నేను రాసింది మా నాయన చేసే పనే. రైతు పొలంలో మంద కట్టి గొర్రెలను రాత్రంతా పండబెడితే, ఆ పెంటికల ఎరువుకు నేల ఎంత బలుస్తదో, ఎన్నేళ్ళ దాకా ఆ బలం ఉంటదో కనుక్కుంటా అని. పది పేజీలు."

"పది పేజీలకు మూడేళ్ళా?" అన్నాడు శ్యాంసన్.

"ఆడికే వస్తాండా. మొదటి ఏడు నా ఇంగ్లీషు బాగలేదని కొట్టేసిరి. రెండో ఏడు గైడు దొరకలా. గైడంటే నన్ను ఎంటబెట్టుకుని చదివించే ప్రొఫెసరు. ఒక సారు ఇంటి గేటు కాడ నిలబడి నిలబడి, కడాకు ఆయన కుక్క కూడా నన్ను చూసి మొరగడం మానేసింది, పాపం వీడా అని పక్కకు తిరిగి పండుకునేది. మూడో ఏడు చూడు, కసి పుట్టింది. మంద మధ్యలో కూర్చుని రాసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాగితాలు గాలికి లేచిపోయి పక్క చేలో పడినాయి. తెల్లారి పోయి చూస్తే పడినకాడల్లా సజ్జ మొలిచి ఉంది. విత్తనం లేదు, వాన లేదు. ఒట్టి ప్రపోజల్‌కే మొలిచింది."

రంగనాయకులు మామ పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ, "ఏ పేజీకి మొలిచిందిరా?" అన్నాడు.

"లిటరేచర్ రివ్యూకు మామా. అంటే ఇంతకుముందు లోకంలో ఎవురెవురు దీని మీద ఏమేం రాసినారో అంతా చదివి పెట్టేది. బలమంతా ఆడనే ఉంటది. చదివినా మామా, కండ్లు పోయేట్టు చదివినా. నెట్ సెంటర్లో ప్రింటు తీయబోతే మిషను పొగలు కక్కి చచ్చిపోయింది. పొదిలి నుంచి ఒకటి, దర్శి నుంచి ఒకటి, పామూరు నుంచి ఒకటి తెప్పిచ్చినారు. మూడూ కలిసినా సాగక, ఊరందరికీ కరెంటు ఆపి నాకొక్కడికే ఇచ్చినారు. మీ ఇంట్లో ఆ పొద్దు ఫ్యాను తిరగలా, గుర్తుందా శ్యాంసనన్నా?"

"మా ఇంట్లో ఏ పొద్దు తిరిగింది గనక."

"అదీ సంగతి. ఆ ప్రపోజల్ పోయి స్కాలర్‌షిప్పు ఆఫీసుకు అందినాక ఆడి పెద్ద సార్లకు కూడు సయించలా. ఇంటర్వ్యూ చేస్తామన్నారు, ఫోన్లో, మొఖం కనపడేట్టు. మా మంద ఉన్నకాడ సిగ్నలేడిది? గుట్ట ఎక్కినా. రాలా. ఇంకా పైకి ఎక్కినా. నేను ఎక్కేకొద్దీ గుట్ట కూడా నాతోపాటు లేస్తాంది."

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందంట," అన్నాడు శ్యాంసన్.

"నవ్వుకో అన్నా. ఎంత లేచిందంటే నల్లమలంతా నా కాళ్ళ కింద పరిచినట్టుంది, శ్రీశైలం శిఖరం ఎదురుగా కనపడింది. శిఖరం చూసినోడికి మళ్ళా జన్మ లేదంటారు గదా. ఇంగ చూడు నా గతి. వచ్చే జన్మలో చదువుకుంటాలే అనుకునేదానికి కూడా లేకపాయ." టీ తాగి మళ్ళీ అందుకున్నాడు. "ఫోన్లో ఐదుగురు సార్లు, ఒక మేడమ్. నన్ను చూడగానే లేచి నిలబడినారు. బాబూ, ఇట్లాంటి ప్రపోజల్ మేం పుట్టినాక చూళ్ళేదు, నీకు పీహెచ్‌డీ ఏంది, నువ్వే మాకు గైడుగా ఉండు అన్నారు. పెద్దోళ్ళు, కూర్చోండి సార్ అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేడమ్ ఒక్క మాట అడిగింది. శాంపిల్ సైజు ఎంత, అని. అంటే నేను లెక్కలోకి తీసుకునే గొర్రెలు ఎన్ని అని. ప్రపోజల్‌లో ఆ గడి కాడ నేను 'చాలినన్ని' అని రాసినా."

ఎవరూ నవ్వలేదు. మా దిక్కు గొర్రెలోళ్ళు మంద లెక్క నోటితో చెప్పరు. చెప్తే మందకు కీడని నమ్మకం. ఆ సంగతి తెలియక ఎవరన్నా ఎన్ని ఉన్నాయని అడిగితే, "ఉండాయి, చాలినన్ని" అంటారు. తెలిసినవాళ్ళం మేం అడగనే అడగం.

"మరి చెప్పినావా?" అన్నాడు రంగనాయకులు మామ మెల్లగా.

"చెప్పేదేంది మామా, చూపిచ్చినా. ఫోను తిప్పి మందనే చూపిచ్చినా. ముందర పొట్టేలు కంభం చెరువులో నీళ్ళు తాగుతాంది, ఎనక గొర్రె ఇంకా గిద్దలూరు దాటలా. సార్లు ఎంచుతానే ఉండారు. ఎంచుతా ఎంచుతా ఒక సారు రిటైరయిపోయినాడు. ఆయన కుర్చీలో ఇంకొకాయన వచ్చి, లెక్క తప్పిందని మళ్ళా మొదటి నుంచి ఎంచినాడు. మంద తొక్కిడికి వాళ్ళ ఆఫీసులో దుమ్ము లేచి, ఒకరి మొఖం ఒకరికి కనపడలా. కడాకు ఏమన్నారో తెలుసా? నాయనా, నీ గొర్రెలకు సరిపోయే అంకె ఈ దేశంలో లేదు, బయట నుంచి తెప్పియ్యాల, అందాకా ఆగు అన్నారు. నేనే వద్దన్నా. మీ స్కాలర్‌షిప్పూ వద్దు, మీ అంకెలూ వద్దు, మీరే పెట్టుకోండని ఫోను కట్ చేసినా. కట్ చేసింది నేనే మామా. వాళ్ళు కాదు."

"వాళ్ళే చేసినారు," అన్నాడు చిన్నమల్లయ్య.

అంతసేపూ నోరు తెరవని మనిషి. గ్లాసు కింద పెట్టినాడు.

"పక్కనే ఉన్నా గదా నేను. గుట్టా లేదు ఏమీ లేదు, బోరు కాడ గోడెక్కి నిలబడినాడు. ఆ మేడమ్ మంచిగానే అడిగింది, ఎన్ని గొర్రెలు బాబూ అని. వీడు నా దిక్కు చూసినాడు. నేను తలకాయ అడ్డంగా ఊపినా. ఆయమ్మ మళ్ళా అడిగింది. మళ్ళా నా దిక్కే చూసినాడు. మళ్ళా ఊపినా. ఇంట్లో మంద లెక్కే తెలియనోడు ఏం కనుక్కుంటాడని ఎవురో సారు నవ్వినాడు. ఆడికి వాళ్ళే ఫోను ఆపేసినారు."

"ఊరుకో నాయనా."

"వానికి ఆ కీడు మీద నమ్మకం లేదు. చదువుకున్నోడు, వానికెందుకుంటది. నాకుంది. నా కోసరం నోరు మూసుకున్నాడు." చిన్నమల్లయ్య లేచి నిలబడి, మా అందరి ముందరా, "నూట ఆరు," అన్నాడు. "పిల్లలతో కలిపి నూట ఆరు. రాయి. రేపు పొద్దున్నే పంపియ్యి."

రంగనాయకులు మామ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ లెక్క చిన్నమల్లయ్య ఇంటి ఆడోళ్ళు కూడా ఆయన నోట విని ఉండరు.

శివనాగరాజు బెంచీ మీద నుంచి లేచినాడు. "ఈ ఏటిది అయిపాయ, వచ్చే ఏటికి వయసు దాటిపోతది నాయనా. ఇదే ఆఖరుసారి. ఇంగ పంపినా తీసుకోరు," అన్నాడు.

చిన్నమల్లయ్యకు అది తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. మంద ఉన్న దిక్కుకు చూసినాడు, మళ్ళీ కొడుకును చూసినాడు. ఆయన చేతులు గొంగడిని గట్టిగా పట్టుకున్నాయి. "అయితే ఊరికే చెప్తినా," అన్నాడు.

శివనాగరాజు భుజాన ఉన్న తువ్వాలుతో మొఖం తుడుచుకుని మా వైపు తిరిగినాడు. నవ్వబోయినాడు గానీ నవ్వు సరిగా రాలేదు.

"మా నాయన మాటలు నమ్మబాకండి మామా. ఆయన కోతల ముందర నేనెంత. నూట ఆరు ఏడివి? ఆయనకు ఎంచడమే రాదు. ఉండాయి, చాలినన్ని."

"అంతేలే," అన్నాడు శ్యాంసన్. "మేమేం విన్లా."

మేమందరం తలలూపినాం.