మంచి ముక్క

స్కాన్ గది బయట బెంచీ మీద అక్కాచెల్లెళ్ళు కూర్చున్నారు. అక్కకి పోయినేడు క్యాన్సర్ గడ్డతో పాటు సగం థైరాయిడ్ తీసేశారు. అలాంటి గడ్డల్లో జన్యువుల మీదే చెల్లెలి పరిశోధన.

“మిగిలిన సగానికీ పాకిందట. చల్లగా ఉందా నీ కడుపు?”

“అవేం మాటలక్కా?”

“గడ్డ ముక్కా, పక్కనున్న మంచి ముక్కా పోల్చి చూస్తానని పట్టుకెళ్ళావుగా. మంచి ముక్కలో ఏం కనబడింది?”

“క్యాన్సర్ పాకేటప్పుడు చెలరేగే జన్యువులే అందులోనూ చెలరేగుతున్నాయి. గడ్డ ముక్క ట్యూబూ, దీని ట్యూబూ తారుమారయ్యాయనుకున్నాను.”

“మళ్ళీ చేసి చూడలేదూ?”

“చూశాను. అలాగే వచ్చింది.”

“మరి?”

“మిగతా వాళ్ళ మంచి ముక్కలన్నీ ఒకలా ఉన్నాయి. అదొక్కటే తేడాగా ఉందని లెక్కలోంచి తీసేశాను. మా దగ్గర అది మామూలే.”

“డాక్టరుకి ఒక్క మాట చెప్పడానికి నోరు పెగల్లేదా?”

“ముక్కల మీద పేర్లుండవక్కా. నంబర్లే.”

“సొంత అక్క నంబరు నీకు తెలీదు. అంతేనా?”

“తెలుసు.”

“తెలిసీ నోరు మూసుకున్నావా?”

“తెలిసే... పొరపాటు నాదైతే బాగుండుననుకున్నాను.”

“నీదే. జరుగు, నన్ను పిలుస్తున్నారు.”