రాజారత్నం హైపో ప్రతాపం

నకరికల్లులో బస్సులు ఆగేచోట, కోటమ్మ టీ కొట్టు ముందు బల్ల మీద రాజారత్నం కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అత్తగారి ఊరికొచ్చిన అల్లుడు మరి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ఆ దర్జా కాస్తా బావమరిది బాబూరావు అన్న ఒక్క మాటతో దిగిపోయింది.

"మా బావది నరసరావుపేట హైస్కూల్లో ఉద్యోగం. సైన్సు రూములో సీసాలు కడుగుతాడు."

బల్ల మీదివాళ్ళు నవ్వారు. రాజారత్నానికి చెవులు వేడెక్కాయి. పదకొండేళ్ళుగా అటెండరు అతను. కృపాదానం మాస్టారు చెప్పే సైన్సు పాఠాలు గుమ్మం పక్కన నిలబడి ఏటేటా విన్నవాడు.

"ఆ సీసాలు కడిగేవాడేరా పోయినేడు స్కూలు పరువు నిలబెట్టింది," అన్నాడు. "మా స్కూల్లో గాజు తొట్టి ఉంది. అందులో పన్నెండు బంగారు చేపలు. హెడ్మాస్టరు మద్రాసు నించి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మర్నాడు స్కూళ్ళ ఇనస్పెక్టరు వస్తాడనంగా తొట్టి కడిగి బాయి నీళ్ళు పోశా. అంతే, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి రొప్పుతున్నయ్. సైన్సు మాస్టారు చూస్తే గుంటూరు పోయాడు. కలరా భయానికి ఆ పొద్దున్నే బాయిలో బ్లీచింగ్ పౌడరు చల్లారంట, నాకెవుడూ చెప్పలా. చేపలు చస్తే పోయేది ఎవుడి ఉద్యోగం?"

"నీదే అల్లుడూ," అంది కోటమ్మ టీ వడగడుతూ.

"అదీ! ఆ పొడిలో ఉండేది క్లోరిన్ అత్తా. దానికి చివరి వరసలో ఎలక్ట్రాన్లు ఏడే. ఎనిమిదోది కావాలి. ఎవుడి దగ్గరుంటే వాడి దగ్గర లాక్కునే రకం. చేప మొప్పల్లోంచి లాక్కుంటంది. మన ఉప్పులో ఉండేదీ ఆ క్లోరినే, కాకపోతే సోడియం ఒకటి ఇచ్చేసింది, దీని కడుపు నిండింది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నయ్. అయానిక బంధం అంటారు. నీళ్ళలో అట్టా కాదు, హైడ్రోజనూ ఆక్సిజనూ ఎలక్ట్రాన్లని ఉమ్మడిగా వాడుకుంటయ్. అప్పుడు తట్టింది నాకు, ఈ క్లోరిన్‌కి ఎవుడో ఒకడు ఎలక్ట్రాన్ ఇస్తే చేప జోలికి పోదు గదా అని. ఇచ్చేదెవురు? హైపో! ఫోటో స్టూడియోకి లగెత్తా. ఫోటోలు కడిగే హైపో పలుకులు చిటికెడు తెచ్చి తొట్లో వేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బతికినయ్," అన్నాడు బాబూరావు ఆవలిస్తూ.

అంతవరకూ జరిగింది జరిగినట్టే చెప్పాడు రాజారత్నం. కానీ ఆ ఆవలింత అతనికి ఎక్కడో గుచ్చుకుంది. నిజం చెబితే ఇంతేనా విలువ?

"బతకటమా? ఇనస్పెక్టరు లోపలికి రాగానే పన్నెండూ వరసకట్టి, రెక్కలెత్తి సలాం కొట్టినయ్! ఆయన టోపీ తీశాడు!"

బల్ల మీద కదలిక వచ్చింది. రాజారత్నం గొంతు లేచింది.

"ఆ రోజు నించి నా కంటికి బంధాలు కనపడుతున్నయ్ రా. దండలో దారం లాగా! పట్టకారుతో ఉప్పులో బంధం పట్టి గుంజా. ఫట్! సోడియం నీళ్ళలో పడి భగ్గుమంది, ఆ మంట మీదే హెడ్మాస్టరుకి కాఫీ కాశా. నీళ్ళ బంధం మాత్రం తెగలా. ఉమ్మడి కాపురం గదా! రెండు జతల ఎడ్లు కట్టి లాగిస్తే తెగింది. పేటంతా ఆక్సిజనే! ఆరిపోయిన లాంతర్లన్నీ వాటంతటయ్యే వెలిగినయ్!"

"ఎడ్లకి ఏం కాలేదా?" అడిగింది కోటమ్మ.

"వాటి ముక్కుల్లోకీ ఆక్సిజన్ పోయింది, గుర్రాలై తిరిగొచ్చినయ్! ఇంకా చానా ఉందత్తా. పోయిన నెల సాగర్ ఇంజనీర్లు జీపేసుకుని మా స్కూలుకొచ్చారు. మాచర్ల అవతల కుడి కాల్వలో చేపలు నీరసించినయ్, నువ్వొస్తేనే అన్నారు. గుప్పెడు హైపో విసిరా. గంటలో ఒక్కో కొర్రమీను లారీ అంత! ఒకటి అడ్డం తిరిగి కాల్వంతా ఆగిపోయింది. క్రేను తెస్తే క్రేను వంగింది. అప్పుడు నేను దిగా, పీకల్లోతు నీళ్ళు, దాని చెవిలో నెమ్మదిగా..."

"చేపకి చెవులేంది బావా?"

"నా మందుకి మొలిచినయ్!"

బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా చుట్టూ మూగారు. అందులోంచి ఒకతను ముందుకొచ్చాడు. తలంతా రాతిదుమ్ము, భుజాన గునపం. పేరు ఏడుకొండలు, బండలు కొట్టే పని.

"ఏ కాల్వన్నావయ్యా?"

"సాగర్ కుడి కాల్వ. మాచర్ల అవతల."

"పోయిన నెలా?"

"పోయిన నెలే."

"ఆర్నెల్ల నించి మేం అక్కడే బండ కొడుతున్నాం. కాల్వ తవ్వకమే అవలా, ఇంకా చుక్క నీళ్ళు వదల్లా. మా ఆడోళ్ళు ఆ కాల్వ అడుగునే పొయ్యి పెట్టి వండుతున్నారు."

నవ్వులతో కొట్టు రేకులు అదిరాయి. బాబూరావు బల్ల చరిచి చరిచి నవ్వాడు. రాజారత్నం ముఖం కందగడ్డయింది.

ఏడుకొండలు మాత్రం నవ్వలేదు. అతని పక్కన చతికిలబడి గొంతు తగ్గించాడు.

"కాల్వ సంగతి పోనియ్. ఆ బ్లీచింగ్ పొడి మేం తాగే నీళ్ళలోనూ కలుపుతున్నారు. ఒకటే కంపు. చేపల్నే చంపేది మా పిల్లల్ని ఊరుకుంటదా? మా ఇంటిది భయపడి వాగు నీళ్ళు తెస్తంది."

రాజారత్నం కాలు మీద కాలు తీసేశాడు.

"వాగు నీళ్ళు మానిపించు ముందు," అన్నాడు. ఈసారి మాటల్లో కోతలు లేవు. "చేప మొప్పలతో ఆ నీళ్ళనే పీలుస్తది, అందుకని తట్టుకోలేదు. మనం తాగేది కడుపులోకి. సరిగ్గా కొలిచి కలిపితే ఆ క్లోరిన్ కలరా పురుగుల దగ్గర లాక్కుంటది, అవి చస్తయ్. హైపో గియిపో వెయ్యమాకు, ఉన్న మందు కాస్తా విరిగిపోయిద్ది. కలిపినాక అరగంట ఆగి తాగండి. బిందె మీద పల్చని గుడ్డ వేసి ఉంచితే కంపు కూడా తగ్గుద్ది."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కోటమ్మ వడగట్టటం మానేసి వింటోంది.

మాచర్ల బస్సొచ్చింది. ఏడుకొండలు గునపంతో పాటు ఎక్కాడు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఎంతసేపన్నారు సారూ?"

"అరగంట!" అని రాజారత్నం లేచి నిలబడి కేకేశాడు.

కూర్చున్నాక బాబూరావు వైపు చూశాడు. బాబూరావు తన గ్లాసు పక్కన పెట్టి, కోటమ్మ అందించిన వేడి గ్లాసు అందుకుని, రెండు చేతులా బావ ముందుకు జరిపాడు.