పియానో ఎంచింది నేనే

ఆ పియానోకి అంత సౌండు దేనికన్నా? కొంచెం తగ్గించు. మా అక్క గొంతు మింగేస్తోంది అది... లేదా? నీకు బాగానే వినిపిస్తోందా? సరేలే. మిక్సర్ ముందు కూర్చున్నవాడివి నువ్వు, నాకేం తెలుసు. నేను డ్రమ్స్ వాయించేవాణ్ణి. వాయించేవాణ్ణి అంటే... ఇవాళ అదీ లేదనుకో.

అలా చూడకు. డ్రమ్స్ ఏవీ అని అడగబోతున్నావు కదా? ఇంట్లో ఉన్నాయి. మంచం పక్కన దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాయి. ఈ విందు ఇచ్చే పెద్దమనిషి చెప్పాడట, "హెడ్మాస్టరు గారి రిటైర్మెంటు, వచ్చేవాళ్లంతా వయసు మళ్లినవాళ్లు, ఆ దడదడలు వద్దు, మెత్తగా ఉంటే చాలు" అని. దడదడలట! ఇన్నేళ్లూ నేను వాయించింది దడదడలు!

పొద్దున అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఊరికే రారా. పాటలు విని, భోంచేసి వెళ్దువుగాని" అంది. విన్నావా? భోంచేయడానికి రమ్మంది. మా అక్క! నన్ను!

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందంటారు చూడు. ఇక్కడ మద్దెలే వచ్చి నీ పక్కన కూర్చుంది. వినక తప్పదు నీకు. ఆ హెడ్‌ఫోను ఎలాగూ ఒక చెవికే పెట్టుకున్నావు, రెండో చెవి నాకు అప్పగించు.

మా సంగతి మొదట్నుంచీ చూస్తున్నవాడివే కదా. అక్క పాట, బావ కీబోర్డు, నేను డ్రమ్స్. ఆ పాత కీబోర్డు ఎంత బరువో నీకు వేరే చెప్పాలా, ఓసారి నీ కాలి మీదే పడింది. లిఫ్టు లేని హాళ్లు, ఇరుకు మెట్లు... మోసీ మోసీ బావ భుజం పట్టేసింది. బరువులెత్తితే చెయ్యి లేవదు జాగ్రత్త అన్నాడు డాక్టరు. సరే, ప్రోగ్రాములకి తీసుకెళ్లడానికి వీలుగా ఉండేది కొందామని ముగ్గురం షాపుకి వెళ్లాం. అక్కడ బావ ఏమన్నాడో తెలుసా? "బామ్మర్దీ, నాకు అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. నీ చెవి మంచిది. నువ్వు ఏదంటే అది" అన్నాడు. అంత మాట అన్నాడు పాపం.

షాపు అమ్మాయి రెండు చూపించింది. మొదటిది అరేంజర్ కీబోర్డు. చంకలో పెట్టుకుని పోవచ్చు, అంత తేలిక. ఆ అమ్మాయి ఎడమ చేత్తో మూడు కీస్ కలిపి ఒక కార్డ్ నొక్కి పట్టుకుని, కుడి చేత్తో ఒక బటన్ నొక్కింది. అంతే! డ్రమ్స్, బేస్, గిటారు అన్నీ దాని కడుపులోంచి లేచి కూర్చున్నాయి. ఇంకో బటన్ నొక్కింది. పల్లవి అయిపోయి చరణంలోకి వెళ్లేటప్పుడు నేను ఒక దరువు వేస్తాను చూడు, డుగుడుగుమని మెట్లు దిగినట్టు? అదీ వేసింది! చెమట పట్టకుండా, చెయ్యి నొప్పెట్టకుండా!

అక్క పకపకా నవ్వి, "అచ్చం నువ్వు వాయించినట్టే ఉందిరా!" అంది.

మెచ్చుకోలుగానే అందన్నా. నేను మాత్రం ఆ బటన్ని పామును చూసినట్టు చూశాను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, ఇక్కడ కొమ్ములకి ఇంకా ప్యాకింగ్ కూడా విప్పలేదు!

రెండోది డిజిటల్ పియానో. పొడుగ్గా, నల్లగా, నోరు మూసుకుని కూర్చుంది. దరువులు లేవు, గిటార్లు లేవు. నొక్కితే పలుకుతుంది, వదిలితే ఊరుకుంటుంది. కీస్ మాత్రం అసలు పియానోకి లాగే నిండుగా దిగుతాయి. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది నాకు. బుద్ధిమంతురాలంటే ఇదీ అనుకున్నాను.

ఇక మొదలుపెట్టాను చూడు! "బావా, ఆ మొదటిది పిల్లల బొమ్మలా ఉంది. ఆ కీస్ నొక్కుతుంటే గాలిని నొక్కినట్టు లేదూ? నీది చిన్నప్పుడు పియానో నేర్చుకున్న చెయ్యి. నీ వేలి బరువు ఇది కనిపెడుతుంది. స్పీకర్లు కూడా దీంట్లోనే ఉన్నాయి, చిన్న హాలైతే ఇంకేమీ అక్కర్లేదు..." షాపు అమ్మాయి కన్నా నేనే ఎక్కువ అమ్మాను. "మొదటి దానికన్నా ఇది బరువు కదరా" అంది అక్క. "మోయడానికి నేను లేనా!" అన్నాను. నోరుంది కదా అని అనేశాను. ఇవాళ కూడా కింద నుంచి మోసుకొచ్చింది నేనే. వాయింపు పోయింది గానీ కూలిపని మాత్రం పోలేదు.

నేను చెప్పినవన్నీ నిజాలే, ఒట్టు. ఒక్క అబద్ధం లేదు. ఎందుకు చెప్పానన్నదే... సరే, నీకు అర్థమైందిలే.

అది ఇంటికొచ్చాక బావ మనిషి మారిపోయాడన్నా. అంతకు ముందు ఎలా ఉండేవాడు? అక్క వెనక నిలబడి, తెలిసిన కార్డ్స్ తిప్పి తిప్పి వాయిస్తూ, మధ్యలో వాచీ చూసుకునేవాడు. ఇప్పుడు అన్నానికి పిలిచినా లేవడు. ఎడమ చెయ్యి ఒక మాట అంటుంది, కుడి చెయ్యి దానికి జవాబు చెబుతుంది. ఇన్నాళ్లూ ఎక్కడ దాచాడో ఆ వాయింపు! ఆ పాత డొక్కు మీద రాలేదేమో. లేకపోతే వచ్చినా నా దడదడల కింద వినపడలేదేమో. ఆ మాట నేను అనకూడదు. అనేశాను, పోనీ.

ఒకరోజు ప్రాక్టీసుకి వెళ్తే గుమ్మంలోనే పాట వినిపించింది. నేను రాకుండానే మొదలుపెట్టేశారు! నేను స్టిక్స్ తీస్తుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టి, "ఈ పాటకి నువ్వు ఆగరా కాసేపు" అంది. ఒక్క పాటే కదా అనుకున్నాను. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత, నేను వాయించే పాటలు ఏవమ్మా అని నేనే అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

పాటలు పోతే పోనీ. అసలు మంట అది కాదు.

ప్రతి పాటకీ ముందు అక్క నా వైపు చూసేదన్నా. వెనక్కి తిరిగి, గడ్డం కాస్త పైకెత్తి. నేను తలూపితే అందుకునేది. చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మ వంట చేస్తుంటే అక్క వంటగట్టు ఎక్కి కూర్చుని పాడేది, నేను మూకుడు బోర్లించి గరిటెతో వాయించేవాణ్ణి. అప్పుడెవరున్నారు? బావ ఉన్నాడా? పియానో ఉందా? నేనూ, అక్కా, మూకుడూ! అక్కకి పెళ్లయినప్పుడు కూడా నేను బావని చూసి కుళ్లుకోలేదు. ఎందుకు కుళ్లుకుంటాను? పాట మొదలయ్యేటప్పుడు ఆ చూపు నాదే కదా.

ఇప్పుడు చూడు. అదిగో... బావ ఎడమ చేతి వైపు చూస్తోంది.

మొగుడూ పెళ్లాలు కళ్లతో మాట్లాడుకుంటే మధ్యలో తమ్ముడికి నొప్పేంటి అంటావు. అంటావని తెలుసు. అను.

ఉండు, ఉండుండు. ఈ పాట మా ఇద్దరిదీ. మూకుడు అరిగిందే దీనికి. పల్లవి అయ్యాక ఒక ఖాళీ వస్తుంది. అక్క ఊపిరి తీసుకుని చరణం ఎత్తుకోవాలి. ఆ సందులో దరువు పడాలి. పడకపోతే పాట కూలిపోతుంది. అక్కడ ఏం చేయాలో బావకి తెలీదు. ఇప్పుడు దొరికిపోతాడు చూడు, చూస్తూ ఉండు...

...

చేతులు ఎత్తేశాడేంటి?

నువ్వేమైనా కట్ చేశావా? లేదా? తనే ఆపాడా?

హాల్లో చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది, విన్నావా? ఆ మూల పెద్దావిడ నీళ్ల గ్లాసు నోటి దాకా తెచ్చి అలాగే పట్టుకుంది. అక్క ఊపిరి తీసుకోవడం వినపడిందన్నా. మైకులో. ఆ ఊపిరి నేను ఎప్పుడూ వినలేదు. ఎలా వింటాను? ఇన్నేళ్లూ దాని మీదే కదా దరువు వేసింది!

ఆ ఖాళీ నింపడమే నా పని అనుకున్నాను. నింపేవాడు లేకపోతే పాట నిలబడదనుకున్నాను. నిలబడింది. ఇంకా ఎత్తుగా నిలబడింది.

లేదు, కంట్లో ఏమీ లేదు. ఏసీ గాలి సూటిగా ఇటే కొడుతోంది.

ఆ అరేంజరే కొననిచ్చి ఉంటే పోయేది. అది నాలాగే వాయించేది. మిషను మిషనే, మనిషి చెయ్యి వేరు అని నలుగురికీ చెప్పుకుంటూ దర్జాగా తిరిగేవాణ్ణి. జనం కూడా అవునయ్యా పాపం అనేవాళ్లు. ఇప్పుడు ఎవర్ని తిట్టను? బావనా? అడ్డం తొలగితే హాయిగా వాయించుకుంటున్నాడు. ఆ పియానోనా? ఏరికోరి తెచ్చింది నేనే. ఎవరు తవ్వుకున్న గోతిలో... వద్దులే, సామెతలు కూడా నా మీదకే తిరగబడుతున్నాయి.

బాగా లేకపోతే ఏ గొడవా లేదన్నా. బాగుంది. నాకూ నచ్చింది. అదే నా ఏడుపు.

అదిగో, అయిపోయింది. జనం లేచి నిలబడి మరీ కొడుతున్నారు, నువ్వూ ఆ బటన్లు వదిలి చప్పట్లు కొట్టు. కొడుతున్నానన్నా, నేనూ కొడుతున్నాను. ఈ చేతులకి ఇవాళ ఇంకేం పనుంది?